407కి 8.25 టైర్లు: బయట పట్టాయి, మధ్యలో పట్టలేదు

మార్చి రెండో వారంలో ఒక టాటా 407 చిన్న లారీ మా షాపు ముందు ఆగింది. వెనక ఎడమ వైపు లోపలి టైరు పేలిపోయింది. బండి ఖాళీగా ఉంది కాబట్టి బయటి టైరు ఒక్కదాని మీదే గుంటూరు నుంచి వారధి దాటి ఆటోనగర్ దాకా మెల్లగా నడుపుకొచ్చారు. ఓనరు కుర్రాడే, ముప్పై లోపు ఉంటాడు. సత్తెనపల్లి చుట్టుపక్కల పల్లెల నుంచి గుంటూరు మిర్చి యార్డుకి, అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీలకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతాడు.

"బాబాయ్, ఈ సీజన్లో ఇది మూడోది. ఇంక 7.50 వద్దు. వెనక నాలుగూ 8.25 వేసెయ్యండి, గోల వదిలిపోద్ది" అన్నాడు.

ఫోన్లో ఒక ఫొటో కూడా చూపించాడు. టెక్సాస్‌లో ఉన్న వాళ్ల బావ పనిచేసే చోట ఒక పెద్ద పికప్ ట్రక్కు ఉందట. మన 407 లాగే దానికీ వెనక జంట టైర్లు. వాటిని అక్కడ డ్యూయలీలు అంటారు. ఆ బండికి కంపెనీ టైర్లు తీసేసి బాగా పెద్దవి వేశారు. "వాళ్లకి పట్టినప్పుడు మనకెందుకు పట్టవు?" అని అడిగాడు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని మొదలుపెట్టి నాకు 20 ఏళ్లు దాటింది. ఈ బండి విషయంలో మొదట తప్పు చేసింది నేనే. అందుకే జరిగింది జరిగినట్టు, కొలతలతో సహా రాస్తున్నాను. మన చుట్టూ వెనక జంట టైర్లున్న చిన్న లారీలు వేలల్లో తిరుగుతున్నాయి. పెద్ద టైరు వేయమని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతూనే ఉంటారు.

మొదటి రోజు చూసింది, చూడనిది

ఈ బండికి ఉండే 7.50-16 టైరు కొత్తదైతే ఎత్తు సుమారు 805 మిల్లీమీటర్లు, వెడల్పు 215 ఉంటుంది. 8.25-16 అయితే ఎత్తు సుమారు 855, వెడల్పు 235. రెండిటికీ రిమ్ 16 అంగుళాలే కాబట్టి చూడటానికి ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. కస్టమర్లు మోసపోయేదీ అక్కడే.

నేను ఆ రోజు మడ్‌గార్డ్ చూశాను. పైన బాడీకి కావలసినంత ఖాళీ ఉంది. లోపలి వైపు కమాన్ కట్టకీ (స్ప్రింగు పట్టీలకీ) టైరుకీ మధ్య చెయ్యి దూరింది. ఒక వైపు జంట బిగించి రెండు టైర్ల మధ్య చూస్తే పెన్ను పట్టేంత సందు కనిపించింది. సరేలే అనుకున్నాను. నాలుగూ వేసి పంపించాను. కుర్రాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుని సంతోషంగా వెళ్లాడు.

చూడనివి రెండు. పాత టైర్లు విప్పేటప్పుడు మా కుర్రాళ్లు వాల్వు పిన్ను తీసి గాలి వదిలేశారు. వదిలే ముందు ఒక్కదానికీ గాలి మీటరు పెట్టలేదు. టైర్లు ఎందుకు పేలుతున్నాయో చెప్పే సాక్ష్యం ఆ గాలితో పాటే పోయింది. రెండోది, ఆ సందుని ఖాళీ బండి మీద చూశాను. లోడు మీద చూడలేదు.

పన్నెండో రోజు

బండి తిరిగొచ్చింది. డ్రైవరు రెండు విషయాలు చెప్పాడు. లోడు మీద పోతుంటే రబ్బరు కాలిన వాసన వస్తోంది. మైలేజీ పడిపోయింది, అంతకుముందు లీటరుకి 9 వచ్చేది, ఇప్పుడు 8.2 మించట్లేదు.

మైలేజీ లెక్క ముందు చెప్తాను, అది తేలిక. కిలోమీటర్ల మీటరు తిరిగేది గేర్‌బాక్సు నుంచి. టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోయిందో మీటరుకి తెలియదు, పాత టైరు లెక్కే వేస్తుంది. 855ని 805తో భాగిస్తే 1.062. అంటే మీటరు 100 కిలోమీటర్లు చూపిస్తే బండి నడిచింది 106. వాళ్ల 8.2ని 1.062తో గుణిస్తే 8.7 వస్తుంది. నిజంగా తగ్గింది 0.3 మాత్రమే. మిగతాది మీటరు తక్కువ చూపించడం వల్ల కనబడిన తేడా. అదే లెక్కన స్పీడోమీటరు 60 చూపిస్తే బండి 64 దగ్గర పోతోంది. డ్రైవరుకి ఆ సంగతి తెలియాలి, ఎందుకంటే బ్రేకు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. డ్రమ్ము పట్టే పట్టు మారదు, టైరు వ్యాసార్ధం పెరిగింది, కాబట్టి రోడ్డు మీద పనిచేసే బ్రేకు బలం దాదాపు 6 శాతం పడిపోతుంది. బండి లాగే శక్తీ అంతే. గేరు ఒకింత పెద్దదైనట్టు ఉంటుంది, లోడు మీద కదిలేటప్పుడు క్లచ్ ఎక్కువ కాలుతుంది.

ఇక వాసన సంగతి. జాకీ ఎత్తి ఎడమ జంట విప్పాను. రెండు టైర్ల ఎదురెదురు గోడలూ నాలుగు వేళ్ల వెడల్పున నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. గోడ మీద అచ్చు వేసిన అక్షరాలు సగం అరిగిపోయాయి. రెండు టైర్లూ ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి. పన్నెండు రోజులకే ఆ స్థితి. ఇంకో నెల నడిపి ఉంటే గోడ తెగి, హైవే మీద, నెత్తిన అంత ఎత్తు టిక్కీలతో రెండూ ఒకేసారి పేలేవి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సందు కొలవడం

మర్నాడు లోడుతోనే రమ్మన్నాను. 70 టిక్కీలు వేసుకుని వచ్చారు. కాటా మీదకి వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూచాం. వెనక ఇరుసు మీద 3,960 కిలోలు. నాలుగు టైర్లకి పంచితే ఒక్కోదానికి 990.

జంట టైర్ల దగ్గర తెలుసుకోవలసిన అసలు కొలత ఒకటుంది. లోపలి టైరు మధ్యగీత నుంచి బయటి టైరు మధ్యగీత దాకా ఎంత దూరం? మధ్యగీత ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. లోపలి టైరు ఎడమ అంచు నుంచి బయటి టైరు ఎడమ అంచు దాకా కొలిచినా అదే వస్తుంది. ఈ దూరాన్ని నిర్ణయించేది రిమ్. రిమ్ మధ్యలో ఉన్న పళ్లెం ఎంత పక్కకి జరిగి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. టైరు మార్చినంత మాత్రాన ఈ దూరం మారదు.

ఈ బండికి అది 248 మిల్లీమీటర్లు వచ్చింది. పాత 7.50 టైరు వెడల్పు కొలిస్తే 216, అంటే మధ్యలో 32 సందు. కొత్త 8.25 కొలిస్తే 236. మిగిలిన సందు 12. మొదటి రోజు నా పెన్ను దూరింది ఆ 12లోనే.

అయితే టైరు వెడల్పు అంతటా ఒకటే ఉండదు. బరువు పడ్డాక నేలని తాకే చోట గోడ పక్కకి ఉబ్బుతుంది. ఈ లోడు మీద ఒక్కో గోడ 7, 8 మిల్లీమీటర్లు ఉబ్బింది. ఎదురెదురుగా రెండు గోడలు కాబట్టి 15 దాకా పోయింది. 32లో 15 పోతే 17 మిగులుతుంది, గాలి ఆడుతుంది, టైరు చల్లబడుతుంది. 12లో 15 పోయేదేముంది? రెండూ ఒరుసుకుంటాయి. కింద, నేల దగ్గర, వార్తాపత్రిక కాగితం పెట్టి లాగితే ఎడమ జంటలో అసలు దూరలేదు, కుడి జంటలో చిరిగింది.

ఇంకా నమ్మకం కోసం సుద్దముక్కతో నాలుగు గోడల మీదా గీతలు గీసి, ఎనికేపాడు దాకా వెళ్లి రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి లోపలి గోడల మీద సుద్ద తుడిచిపెట్టుకుపోయింది. బయటి గోడల మీద గీసింది గీసినట్టే ఉంది. కుర్రాడు దాన్ని ఫొటో తీసుకుని వాళ్ల బావకి పంపాడు.

టెక్సాస్ బండి మాటేమిటంటే, కొలతలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రామ్ 3500 డ్యూయలీకి కంపెనీ ఇచ్చే టైరు 235/80 ఆర్ 17. లెక్క కడితే ఎత్తు 808 మిల్లీమీటర్లు. మన 407 టైరుకి మూడే మిల్లీమీటర్లు తేడా! అంత పెద్ద బండికీ వెనక టైరు మన సైజే. వాటికి పెద్ద టైర్లు వేసేవాళ్లు టైరు ఒక్కటే మార్చి ఊరుకోరు. జంట మధ్య దూరం ఎక్కువ ఉండే వేరే రిమ్ములు వేస్తారు, మడ్‌గార్డ్‌లు బయటికి పెంచుతారు. ఫొటోలో టైరు కనబడుతుంది, దాని వెనక రిమ్ మార్చారని కనబడదు.

అలాంటి రిమ్ మన బండికి దొరుకుతుందేమోనని రెండు రోజులు ఆటోనగర్ అంతా తిరిగాను. వెడల్పు రిమ్ములు దొరికాయి గానీ హబ్ కొలత, స్టడ్ల (చక్రాన్ని పట్టి ఉంచే బోల్టుల) వరస ఈ బండికి కలవలేదు. అప్పుడు చాలామంది చెప్పే మాటే ఇద్దరు ముగ్గురు నాకూ చెప్పారు: "రెండు రిమ్ముల మధ్య ఒక ప్లేటు వేసెయ్యి." లేతు షాపుకి వెళ్తే సాయంత్రానికి 20 మిల్లీమీటర్ల ప్లేటు తిప్పి ఇస్తారు. దొరకడం తేలిక కాబట్టే నాకు భయం. ప్లేటు మందం ఎంత ఉంటే నట్టుకి అంత స్టడ్ మర తగ్గుతుంది. బయటి చక్రం అంత దూరం జరిగి, స్టడ్ల మీద వంపు బలం, బేరింగు మీద భారం రెండూ పెరుగుతాయి. లోడు మీద స్టడ్లు తెగి రెండు చక్రాలూ ఊడి పక్క బండి మీదకి పోయిన సంఘటన నేను కళ్లారా చూశాను. నేను వెయ్యను అని చెప్పేశాను. కుర్రాడు కాసేపు అలిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

చట్టం మాట కూడా అతనికి చెప్పాను. సరుకు రవాణా బండి రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఏ ఇరుసుకి ఏ సైజు టైరు, ఎన్ని ప్లై (టైరు బలం చెప్పే పొరల లెక్క) అన్నది రాసే ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు చూసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది.

అసలు ఎందుకు పేలాయి

పెద్ద టైరు కుదరదని తేలింది. కానీ మూడు టైర్లు పేలిన మాట నిజం. దానికి కారణం చెప్పకుండా మళ్లీ 7.50 వేస్తే నాలుగోది పేలుతుంది.

పాత టైర్లు షాపు వెనక ఉన్నాయి, అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేసే రీబటన్ వాళ్ల కోసం పెట్టాం. ఒక్కోటి విప్పి చూశాను. బయటి వైపు టైర్ల లోపలి భాగం శుభ్రంగా ఉంది. లోపలి వైపున తిరిగిన టైర్లలో చెయ్యి పెడితే నల్లటి రబ్బరు పొడి వచ్చింది. గోడ లోపలి వైపు చుట్టూతా ముడతల గీత పడింది. ట్యూబు ఫ్లాప్‌కి (ట్యూబుకీ రిమ్‌కీ మధ్య ఉండే రబ్బరు పట్టీకి) అంటుకుపోయింది. గాలి తక్కువగా చాలా దూరం నడిచిన టైరులో కనిపించే గుర్తులే ఇవన్నీ.

పేలిన మూడూ లోపలి టైర్లేనని అప్పుడు డ్రైవరు గుర్తు చేశాడు. గాలి ఎలా చూస్తావు అని అడిగాను. "బయటి వాటికి మీటరు పెట్టిస్తాను. లోపలి వాటిని రాడ్డుతో కొట్టి చూస్తాను" అన్నాడు. లోపలి టైరు వాల్వు చేతికి అందదట. బయటి రిమ్ రంధ్రంలోంచి కనబడాల్సిన వాల్వు రిమ్ వెనక దాక్కుంది. ఎప్పుడో ఏదో పంచరు షాపులో పొట్టి వాల్వు ట్యూబు వేసి, రంధ్రాలు ఎదురుగా కలిసేలా చూసుకోకుండా బిగించేశారు. అప్పటి నుంచీ ఎవరూ ఆ గాలి కొలవలేదు.

రాడ్డు మీద నమ్మకం పోగొట్టడానికి మూడు టైర్లలో 90, 75, 60 పౌండ్లు పెట్టి, ఏది ఎంతో చెప్పకుండా కొట్టమన్నాను. మూడూ ఒకేలా మోగుతున్నాయి అన్నాడు. అతను చాలా జాగ్రత్త గల మనిషి, పని ఎగ్గొట్టే రకం కాదు. రాడ్డు చెప్పగలిగేది టైరు పూర్తిగా పడిపోయిందా లేదా అన్నంత వరకే. పెట్టాల్సిన గాలికి 20 శాతం తగ్గితే చాలు, అది గాలి లేకుండా నడిచినట్టేనని మా పనిలో లెక్క. 90కి 72 అన్నమాట. 72కీ 90కీ తేడా చెవికి వినబడదు.

పైగా లోపలి టైరు కష్టం ఎక్కువ. రోడ్డు నడుమ ఎత్తుగా ఉంటుంది, లోడు మీద ఇరుసు హౌసింగు కొద్దిగా వంగుతుంది, రెండు విధాలా బరువు లోపలి వైపే మొగ్గుతుంది. పక్కనే బ్రేకు డ్రమ్ము వేడి. గాలి ఆడేది తక్కువ. మార్చి, ఏప్రిల్ ఎండలో పల్నాడు రోడ్లు ఎలా కాలుతాయో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు.

బరువు మోయలేక పేలాయేమో అన్న అనుమానం కాటా చీటీతోనే తీరిపోయింది. అతని టైరు గోడ మీద 122/118 అని ఉంది. మొదటి అంకె టైరు ఒంటరిగా ఉంటే మోసే బరువుకి గుర్తు, అది 1,500 కిలోలు. రెండోది జంటలో ఉంటే మోసేదానికి గుర్తు, 1,320 కిలోలు. జంటలో బరువు ఎప్పుడూ సమానంగా పడదు కాబట్టే రెండో అంకె తక్కువ. ఈ బండిలో ఒక్కో టైరుకి వచ్చింది 990. సైజు సరిపోతోంది, అందులో గాలే ఉండటం లేదు.

మళ్లీ 7.50

నాలుగూ ఒకే కంపెనీ, ఒకే నమూనా, 16 ప్లై రేడియల్ తీసుకున్నాం. ఒకే ఇరుసు మీద రేడియల్, నైలాన్ రకాలు కలపనివ్వలేదు. రుద్దుకున్న 8.25 టైర్లు నేనే వెనక్కి తీసుకున్నాను, వాటి నష్టంలో సగం నేను పెట్టుకున్నాను. తప్పు ఇద్దరిదీ కాబట్టి అది న్యాయం అనిపించింది.

జంటగా బిగించే ముందు ప్రతి టైరు చుట్టుకొలత టేపుతో కొలిచాను. 8.25, అంతకంటే చిన్న సైజుల్లో జంట టైర్ల ఎత్తు తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదు. చుట్టుకొలతలో అది 19 అవుతుంది. ఎందుకు ఇంత పట్టింపు అని మా కుర్రాళ్లు అడిగితే లెక్క చేసి చూపించాను. ఈ టైరు కిలోమీటరుకి సుమారు 395 చుట్లు తిరుగుతుంది. రెండూ ఒకే హబ్‌కి బిగించి ఉంటాయి, విడివిడిగా తిరగలేవు. చుట్టుకి 19 మిల్లీమీటర్లు తేడా అంటే కిలోమీటరుకి ఏడు మీటర్లకు పైగా ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. బటన్ (నేలని తాకే రబ్బరు) అరగడమే కాదు, పెద్ద టైరు మీద బరువు ఎక్కువ పడుతుంది కూడా. కొద్ది తేడా తప్పనప్పుడు పెద్దది బయటికి, చిన్నది లోపలికి వేస్తాం.

8.25 వేసిన పన్నెండు రోజులూ అతని స్టెపినీ 7.50యేనని ఇప్పుడు గుర్తొస్తే గుండె గుభేలుమంటుంది. దారిలో పంచరై దాన్ని జంటలో వేసి ఉంటే ఎత్తులో 50 మిల్లీమీటర్ల తేడా. స్టెపినీ గాలిలో వేలాడేది, పక్క టైరు రెండింటి బరువూ ఒక్కటే మోసేది. పెద్ద స్టెపినీ కొందామన్నా ఛాసిస్ కింద ఉన్న స్టాండులో పట్టదు.

లోపలి టైర్లకి పొడుగు వాల్వు ట్యూబులు వేశాం. రెండు వాల్వులూ ఎదురెదురు దిక్కుల్లో, బయటి రిమ్ రంధ్రంలోంచి లోపలి వాల్వు కనబడేలా తిప్పి బిగించాం. ఇనుప పంజరంలో పెట్టి గాలి కొట్టాం. రింగు రిమ్ములకి (టైరుని విడి ఇనుప రింగు పట్టి ఉంచే రకం) పంజరం లేకుండా గాలి కొట్టడం మా షాపులో ఎప్పుడో మానేశాం. రింగు ఎగిరితే మనిషి దక్కడు. చల్లగా ఉన్నప్పుడు 90 పౌండ్లు పెట్టాం. ఎండలో నడిచొచ్చాక మీటరు 100 చూపించినా గాలి తీయొద్దని డ్రైవరుకి మూడు సార్లు చెప్పాను. వేడికి పెరిగిన గాలిని తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

డ్రైవరుకి సొంత మీటరు కొనిపించాం. సోమవారం పొద్దున్నే, బండి కదలకముందు, ఆరు టైర్లూ కొలిచి లాగ్ బుక్కులో రాస్తాడు. మొదటి 80 కిలోమీటర్లకి నట్లు మళ్లీ బిగించడానికి ఒకసారి వచ్చాడు. ఏప్రిల్ నెలాఖరుకి ఇంకోసారి వచ్చాడు. బుక్కులో నాలుగు వారాల అంకెలు ఉన్నాయి. లోపలి వాటిలో ఒకటి వారానికి 2 పౌండ్లు తగ్గుతోంది. వాల్వు పిన్ను మార్చాం. కుడి లోపలి టైరు బటన్ మిగతా వాటికంటే అర మిల్లీమీటరు ఎక్కువ అరిగింది. జూన్‌లో యార్డు పని తగ్గాక నాలుగింటినీ చోటు మార్చి, మళ్లీ చుట్టుకొలతలు కొలుస్తాం.